అనంతపురంలో చేపల వేటకెళ్తే...

'సంక్రాంతికి ఊరెళ్తున్నాను. చేపలు పట్టడానికి' అని చెబితే హైదరాబాద్‌ ఆఫీసులో నా పక్క సీటాయన పెద్దగా నవ్వాడు. 'మీది అనంతపురం కదండీ! తాగడానికే నీళ్లుండవంటారు, చేపలెక్కడివి?' అన్నాడు.

ఆయన తప్పేం లేదు. నైరుతి మేఘాలను పడమటి కనుమలు అక్కడే ఆపేసుకుంటాయి. బంగాళాఖాతంలో పుట్టిన తుపాన్లు తీరం దాటి మా దాకా వచ్చేసరికి నీరసించిపోతాయి. ఏడాది మొత్తం మీద సగటున 550 మిల్లీమీటర్ల చిల్లర వాన. దేశంలో జైసల్మేర్‌ తర్వాత అతి తక్కువ వాన పడే జిల్లా మాదేనని బళ్లో చెబితే, అదేదో రెండో ర్యాంకు వచ్చినంత గొప్పగా చెప్పుకు తిరిగినవాళ్లం మేం.

అలాంటిది, 2022 అక్టోబరులో కుండపోతగా కురిసింది. అనంతపురం పట్టణంలో నడిమివంక పొంగి కాలనీలకు కాలనీలే మునిగిపోయాయి. జనాన్ని బయటికి తేవడానికి వీధుల్లో పడవలు దించారు. కరవు జిల్లా వీధుల్లో పడవలు! టీవీలో అది చూస్తూ నోరు తెరుచుకుని కూర్చున్న సమయంలోనే మా మేనమామ కొడుకు ఫోన్‌ చేశాడు. నాకు బావమరిది, వయసులో నాలుగేళ్లు చిన్న.

'బావా... మన చెరువు మరవ పోతాంది!'

మరవ అంటే చెరువు నిండాక మిగిలిన నీళ్లు పొర్లిపోయే చోటు. మిగతా జిల్లాల వాళ్లకు అదొక మామూలు కబురు. మాకు మాత్రం ఇంట్లో పెళ్లి కుదిరినంత వార్త. ఊరంతా కట్ట మీదికి పోయి టెంకాయలు కొట్టి, గంగమ్మకు పసుపు కుంకుమలు వదిలారట. వాడి గొంతులో సంతోషం చూసి, 'సంక్రాంతికి వస్తాంలేరా, చేపలు పడదాం' అనేశాను. నోరు జారిన మాట కాదు. నలభై ఏళ్ల కోరిక.

కట్ట మీద కథ

2023 జనవరి. రాత్రి కాచిగూడలో రైలెక్కి తెల్లారేసరికి అనంతపురంలో దిగాం. నేను, మా ఆవిడ, తొమ్మిదో తరగతి చదివే మా అమ్మాయి. స్టేషన్‌కు బావమరిది, బెంగళూరులో ఇంజినీరింగ్‌ చదువుతున్న వాడి కొడుకూ కారు తెచ్చారు. ముందు హోటల్లో ఉగ్గాని, మిరపకాయ బజ్జీ. బొరుగులు నానబెట్టి తాలింపు వేసే ఈ టిఫిన్‌ తినకుండా అనంతపురం వచ్చామని అనుకోలేను నేను.

అవ్వగారి ఊరికి పోవాలంటే తాడిపత్రి రోడ్డు పట్టుకుని శింగనమల వైపు వెళ్లాలి. ఊరు దాటగానే బుక్కరాయసముద్రం చెరువు. 14వ శతాబ్దంలో విజయనగరాన్నేలిన మొదటి బుక్కరాయల మంత్రి కట్టించాడని చెబుతారు. ఒక కొసన బుక్కరాయసముద్రం, మరో కొసన అనంతసాగరం... ఆ రెండో పేరే ఇప్పటి అనంతపురం. అంటే, నీళ్లకు మొహం వాచిన మా పట్టణం ఒక చెరువు పేరు పెట్టుకుని పుట్టిందన్నమాట!

ఆ కట్టకు ముసలమ్మ కట్ట అని పేరు. మా అమ్మాయికి ఆ కథ చెప్పాను. ఒకసారి వానలకు కట్ట తెగబోతే ముసలమ్మ బలి కావాలని దేవత పలికిందట. ముసలమ్మ అంటే ముసలావిడ కాదు, బసిరెడ్డి అనే పెద్దమనిషి చిన్నకోడలు. పసిబిడ్డ తల్లి. ఊరి కోసం నడుచుకుంటూ వెళ్లి గండిలో దిగిపోయిందట. కట్టమంచి రామలింగారెడ్డి విద్యార్థిగా ఉన్నప్పుడు రాసిన 'ముసలమ్మ మరణం' ఈ కథే.

'అంటే మనవాళ్లకి నీళ్లు రాకపోయినా భయమే, వచ్చినా భయమేనా నాన్నా?' అంది మా అమ్మాయి.

పిల్లలు ఒక్కోసారి అలా అనేస్తారు. అప్పుడు నవ్వుకున్నాం.

జిలేబీలు, కొరమీన్లు

ఊరు చేరి, కాఫీ తాగి, అందరం కట్టెక్కాం.

నేను ఆగిపోయాను. రెండు గుట్టల మధ్య రాతికట్ట, ఆ కట్టకు ఆనుకుని కనుచూపుమేరా నీళ్లు. అక్టోబరు వరద ఎప్పుడో తగ్గినా చెరువు ఇంకా ముప్పాతిక మీదే ఉంది. ఈ చెరువులో నేను నీళ్లు చూసింది తక్కువ, క్రికెట్‌ ఆడింది ఎక్కువ. వేసవి సెలవుల్లో పగుళ్లిచ్చిన ఒండు మీద వికెట్లు పాతేవాళ్లం. ఆ పిచ్‌ ఎక్కడుండేదో గుర్తుపడదామని చూశాను. అక్కడో నీటికాకి మునిగి, నా లెక్కకు లాంగాన్‌ దగ్గర తేలింది. ఎండిన ఏళ్లలో చెరువంతా అల్లుకున్న కంపచెట్లు ఇప్పుడు తలలు మాత్రం పైకి పెట్టి నిలబడి ఉన్నాయి.

చెరువులో చేపల హక్కు మత్స్యకారుల సంఘానిది. వాళ్లు వానల తర్వాత బొచ్చె, రోహు పిల్లలను తెచ్చి వదిలారు. మా బావమరిది ముందే పెద్దాయన్ను అడిగి పెట్టాడు. డెబ్బై దాటిన మనిషి. నేను 'చిన్నాయనా' అని పిలుస్తాను. వరస ఏమిటో అడక్కండి, ఊళ్లో అందరూ ఏదో ఒక వరసే.

'గాలాలేసుకోండి నాయనా, ఎవురొద్దంటారు? తూము కాడ కూచోండి. ఆ కంపల అవతలికి మాత్రం పోవద్దండి' అన్నాడు ఆయన, పుట్టిలో వల సర్దుకుంటూ. వెదురుబద్దలతో బుట్టలా అల్లి, కింద పట్ట బిగించి, తారు పూసిన గుండ్రటి పుట్టి అది. హంపి దగ్గర తుంగభద్రలో యాత్రికులను తిప్పేవీ ఇలాంటివే. ఇద్దరు మనుషులు, ఒక వల... అంతే దానికి.

మా అల్లుడు బ్యాగులోంచి కొత్త గాలం తీశాడు. ఆన్‌లైన్లో తెప్పించాడట. మడిస్తే మూరెడు, సాగదీస్తే రెండు బారలు. తిప్పే చక్రం, దారం చివర వెండిరంగు ప్లాస్టిక్‌ చేప. చిన్నాయన దాన్ని చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసి, 'ఎంతప్పా?' అన్నాడు. 'రెండువేలు తాతా' అన్నాడు వాడు. 'అబ్బా! ఆ దుడ్డుకు నేనే పది కిలోలు ఇస్తుంటి కదప్పా!'

నాకూ మా అమ్మాయికీ చిన్నాయన వెదురు గాలాలు ఇచ్చాడు. నెమలీకకాడ బెండు, కొక్కేనికి ఎర్రలు. అదేనండీ... వానపాములు. మా అమ్మాయి ముందు 'ఛీ' అని, పావుగంటలో తనే గుచ్చడం మొదలెట్టింది. వరసగా జిలేబీలు పడ్డాయి. తినే జిలేబీలు కాదు. తిలాపియాలను మా వైపు జిలేబి చేపలంటారు. నీళ్లున్న ప్రతి గుంటలోనూ తయారవుతాయి, ఏది పెట్టినా తింటాయి, ముళ్లెక్కువ.

'తాతా, చెరువు ఇన్నేళ్లు ఎండిపోయింది కదా, మరి పాతచేపలు ఏమైపోయినట్టు?' అంది మా అమ్మాయి. చిన్నాయనకు ఇష్టమైన ప్రశ్న అది. పుట్టి ఒడ్డుకు లాగి కూర్చున్నాడు.

'కొరమీను, మార్పు... ఇవి గట్టి పిండాలు తల్లీ. నీళ్లు ఇంకేకొద్దీ బురదలోకి దిగిపోతాయి. పైన ఎండిపోయినా లోపల తడి ఉన్నన్నాళ్లు ప్రాణం పట్టుకోని ఉంటాయి. మనమాదిరే గాలి పీల్చుకుంటాయి. తొలివాన పడిందంటే లేసొచ్చి, వంకకు ఎదురెక్కుతాయి. నా పడుచులో పంచె అడ్డం పట్టుకోని పడతాంటి.'

ఆయన చెప్పింది నిజమే. కొరమీను, మార్పు చేపలకు నీళ్లలోని ఆక్సిజన్‌తోపాటు పైగాలినీ పీల్చుకునే ఏర్పాటు ఉంటుంది. కరవు సీమకు తగ్గ చేపలు. అయితే ఏళ్ల తరబడి ఒట్టి నేల అయిపోతే అవి కూడా బతకవు. 'ఈసారి ఒక్క కొరమీనూ కనపడలేదు నాయనా' అన్నాడు చిన్నాయన, నాతో.

మోకాలి లోతు... ఆ తర్వాత?

పన్నెండు దాటింది. మా అల్లుడి రెండువేల గాలానికి ఒక్కటీ పడలేదు. వాడికి రోషం వచ్చింది. తూము దగ్గర నుంచి లేచి, కట్ట దిగి, పక్కనున్న చదును ఒడ్డుకు వెళ్లాడు. ఇంకా దూరం విసిరాడు. ఆ ప్లాస్టిక్‌ చేప పోయి నీళ్లలో మునిగి ఉన్న కంపకొమ్మకు తగులుకుంది. లాగాడు. రాలేదు.

'తెంపేయ్‌రా, పోతే పోనీ' అని కట్ట మీద నుంచి అరిచాను. వాడు ప్యాంటు మడిచి నీళ్లలో దిగాడు. మోకాలి లోతు. ఇంకో పది అడుగులు నడిచినా మోకాలి లోతే. వెనక్కి తిరిగి మమ్మల్ని చూసి నవ్వాడు. మరో రెండు అడుగులు వేశాడు.

ఇంతే చూశాను. వాడు ఉన్నచోట వాడు లేడు.

చప్పుడు లేదు. మునిగేవాడు కేకలు పెడతాడని, చేతులు ఊపుతాడని సినిమాల్లో చూసి అనుకుంటాం. నోరు నీళ్లపైకి వచ్చిన ఆ క్షణం ఊపిరికే చాలదు, కేకెక్కడ వేస్తాడు? ఒకసారి జుట్టు కనిపించింది, ఒకసారి వేళ్లు. నాకు ఈత వచ్చు. కట్ట ఎలా దిగానో తెలీదు, బట్టలతోనే పరిగెత్తి దూకాను. నా కాలి కింద కూడా నేల ఒక్కసారిగా మాయమైపోయింది. మెట్టు కాదు, వాలు కాదు. గోడ!

వాడి దగ్గరికి చేరడమే నేను చేసిన పొరపాటు. రెండు చేతులూ నా మెడకు బిగించాడు. ఇరవై ఏళ్ల వాడు, నాకు యాభై మూడు. ఇద్దరం కిందికి పోయాం. నీళ్లు ఎర్రమట్టి రంగు, ఏమీ కనపడదు. చెవుల్లో హోరు. నిజం చెప్పాలంటే, వాడి చేతులు విడిపించుకోవాలనే అనుకున్నాను ఆ క్షణాన. ఆ సంగతి మా బావమరిదికి ఇప్పటిదాకా చెప్పలేదు.

పైన ఏం జరిగిందో తర్వాత తెలిసింది. మా అమ్మాయి అరుచుకుంటూ చిన్నాయన దగ్గరికి పరిగెత్తిందట. మా బావమరిది నీళ్లలోకి నడుస్తుంటే మా ఆవిడ చొక్కా పట్టుకుని వెనక్కి లాగిందట. వాడికి ఈత రాదు. నాకు తెలిసి, తల పైకి వచ్చినప్పుడు భుజానికి గట్టిగా ఏదో తగిలింది. వెదురు గడ! పట్టుకున్నాను. పక్కనే పుట్టి. అల్లుడు ఒక చేత్తో దాని అంచు అందుకుని పైకి ఎక్కబోయాడు.

'ఎక్కొద్దు!' డెబ్బై ఏళ్ల గొంతు, చెరువంతా వినపడేటట్టు. 'ఎక్కితే ముగ్గురం పోతాం! అంచు పట్టుకో. ఊరికే పట్టుకో!'

అంచు పట్టుకుని వేలాడాం. ఆయన గడతో నెట్టుకుంటూ నెమ్మదిగా ఒడ్డుకు తెచ్చాడు. నిండా ముప్పై అడుగులు లేదు ఆ దూరం.

ఆ గుంత ఎవరిది?

ఊళ్లో జనం పోగయ్యారు. వాణ్ని తలకిందులుగా వేలాడదీసి నీళ్లు కక్కించాలని ఒకరు, పొట్ట నొక్కాలని ఒకరు. అదృష్టం కొద్దీ వాడు స్పృహలోనే ఉన్నాడు, దగ్గుతున్నాడు. పక్కకు పడుకోబెట్టి, దుప్పటి కప్పి, కారులో అనంతపురం తీసుకెళ్లాం. 'ఊపిరి ఆగిపోతే వెంటనే నోట్లో నోరు పెట్టి ఊదాలి, ఛాతీ మీద నొక్కాలి. పొట్ట నొక్కితే లోపలిదంతా ఊపిరితిత్తుల్లోకి పోతుంది' అని అక్కడి డాక్టరు మాకు క్లాసు తీసుకున్నారు. మునిగి తేలినవాళ్లకు కొన్ని గంటల తర్వాత కూడా ఆయాసం ముదరొచ్చని, బాగున్నట్టే ఉన్నా చూపించుకోవాలని చెప్పి ఆ రాత్రి అక్కడే ఉంచారు.

వరండాలో నేనూ బావమరిదీ కూర్చున్నాం. చాలాసేపు వాడేమీ మాట్లాడలేదు. తర్వాత అన్నాడు.

'ఆ గుంత నాదే బావా.'

అర్థం కాలేదు నాకు.

2018 కరవులో వాడి చీనీతోట ఎండిపోతుంటే బోర్ల మీద బోర్లు వేశాడు. నీళ్లు పడలేదు. కనీసం నేలకైనా బలం వస్తుందని, చెరువులో జేసీబీ పెట్టించి ఒండు మట్టి తవ్వి, ట్రాక్టర్లతో తోటకు తోలాడు. వాడొక్కడే కాదు, అందరూ తోలారు. చెరువుల్లో పూడిక తీయడం మంచిపనే. 2015 నుంచి 'నీరు-చెట్టు' పేరుతో ప్రభుత్వమే చేయించింది. మా తాతల కాలంలోనూ ఎద్దులబండ్లతో తోలేవారు. అయితే పారతో తవ్వితే అడుగు లోతున పలచగా, వెడల్పుగా వస్తుంది. జేసీబీ తొట్టి అలా కాదు. ఒకేచోట నిలబడి నిట్టనిలువుగా రెండు నిలువుల లోతు తోడేస్తుంది. మట్టి బాగున్నచోట ఇంకాస్త. ఇటుకబట్టీల వాళ్లయితే ఇక చెప్పక్కర్లేదు. ఎండినప్పుడు ఆ గుంతలు అందరికీ కనపడతాయి. చెరువు నిండితే మీద నీళ్లంతా ఒకటే సమతలం.

'నీళ్లొస్తాయని ఎవరనుకున్నారు బావా?' అన్నాడు.

దానికి నా దగ్గర జవాబు లేదు. ఆ ఏడాది నేను ఊళ్లో ఉంటే నేనూ అదే తవ్వించేవాణ్ని.

ఇంకో సంగతి కూడా ఆ వరండాలోనే తట్టింది. నాకెందుకు ఈత వచ్చు, నాలుగేళ్లు చిన్నవాడైన వీడికెందుకు రాదు? నేను ఊళ్లో మోటబావిలో నేర్చుకున్నాను. వీపుకు సొరబుర్ర కట్టి మా మామ పైనుంచి తోసేసేవాడు. అంటే వీడి నాన్నే. రెండు వేసవులకు బుర్ర విప్పేశారు. ఆ తర్వాత ఊరి చుట్టూ బోర్లు పడ్డాయి. బావుల్లో నీళ్లు అడుక్కుపోయి, చివరికి బావులే పూడిపోయాయి. వీడికి వయసొచ్చేసరికి దూకడానికి బావి లేదు. వీడి కొడుకు తరానికి ఆ ఊసే తెలీదు. నీళ్లు పోతూ పోతూ ఈతను కూడా తీసుకుపోయాయన్నమాట.

2017 ఏప్రిల్‌ 28 మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. గుంతకల్లు మండలం ఎర్రతిమ్మరాజు చెరువు. శుభకార్యానికి వచ్చిన బంధువులు సరదాగా చేపల పడవ ఎక్కారు. బరువు ఎక్కువై పడవ బోల్తా కొట్టింది. పదముగ్గురికి తక్కువ కాకుండా చనిపోయారు. చిన్నపిల్లలు కూడా. అప్పుడు పేపర్లో చదివి, 'అంతమంది ఎందుకెక్కాలి?' అని హైదరాబాద్‌లో కాఫీ తాగుతూ అన్నది నేనే. ఎందుకెక్కారో ఇప్పుడు తెలిసింది. నిండిన చెరువును చూస్తే మా వాళ్లకు ఒళ్లు తెలీదు. ఆ రోజు పొద్దున చిన్నాయన సరేనని ఉంటే మేం అయిదుగురం ఆ పుట్టి ఎక్కి ఫొటో దిగేవాళ్లమే. అడిగాం కూడా. ఆయన ఒప్పుకోలేదు.

ఎర్రగుడ్డలు

మర్నాడు అల్లుణ్ని ఇంటికి పంపించారు. మా అత్త రాగిసంగటి కెలికి, చేపల పులుసు చేసింది. మొన్న పట్టిన జిలేబీలు కాదు, చిన్నాయన తెచ్చిచ్చిన రెండు కిలోల బొచ్చె. డబ్బులిస్తే తీసుకోలేదు. అల్లుడు చారు కలుపుకుని రెండు ముద్దలు తిని లేచాడు. వాడి రెండువేల గాలం చెరువులోనే ఉంది. దాని గురించి ఎవరూ ఎత్తలేదు.

సాయంత్రం కట్ట మీదికి వెళ్తే చెరువులో పుట్టి కనిపించింది. అందులో చిన్నాయన, ఎదురుగా మా బావమరిది. నడుముకు తాడు, తాడు చివర మూత బిగించిన ఖాళీ నూనె క్యాను. కాళ్ల దగ్గర వెదురు గడల కట్ట. ఒక్కో గడకు పాత ఎర్రచీర ముక్క కట్టి ఉంది. చిన్నాయన గడతో లోతు చూసుకుంటూ పోతున్నాడు. గుంత అంచు తగిలినచోట ఆపుతున్నాడు. మా బావమరిది గడ గుచ్చుతున్నాడు. వాడి చేతులు వణుకుతున్నది కట్ట మీదికి కూడా తెలుస్తోంది.

చీకటి పడే వేళకు ఒడ్డుకొచ్చారు. నీళ్ల మీద అక్కడక్కడా ఎర్రగుడ్డలు గాలికి ఊగుతున్నాయి. తొమ్మిది లెక్కపెట్టాను.

'అయిపోయినట్టేనా?' అన్నాను.

'ఇంకా రెండుండల్ల బావా' అన్నాడు, చెరువు వైపు చూస్తూ. 'యాడ తవ్విస్తిమో గుర్తుకు రాలేదు. రేపు ట్రాక్టరు డ్రైవర్ని పిలుచుకోనొస్తా.'